ఎడమ సీటు

మార్చి 4

చెల్లికి,

ఫోను నేనే ముందు పెట్టేశాను కాబట్టి ఉత్తరం నేనే రాయాలి. "మాటల మధ్యలో ఎవరు ఫోను విసిరేస్తే వాళ్ళే కూర్చుని కాగితం మీద రాయాలి, రెండోవాళ్ళూ కాగితం మీదే జవాబివ్వాలి, తగువు తీరేదాకా ఇద్దరూ ఒకరికొకరు ఫోను చేసుకోకూడదు" అని అమ్మ పెట్టిన రూలు. అమ్మ పోయినా రూలు పోలేదు. అందుకని రాస్తున్నాను. ఇది క్షమాపణ అనుకునేవు, కాదు. "పెట్టెలో వచ్చిన ముక్కలు అతికించుకుని ఆడుకోవడానికి నువ్వేమన్నా పసివాడివా" అన్నావు చూడు, ఆ మాటకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంకా దిగలేదు.

సరే, మళ్ళీ మొదటి నుంచి చెప్తాను, అరవకుండా. మనిద్దరం కలిసి చిన్న విమానం ఒకటి సంపాదించుకోవాలనుకున్నాం. రెండు సీట్లది, పక్కపక్కన కూర్చునేది. అంతవరకు పేచీ లేదు. నేను కిట్టు తెప్పించి కట్టుకుందామంటున్నాను. నువ్వు ఎవరో కట్టేసి ఎగరేసిందాన్ని కొనేద్దామంటున్నావు. కిట్టు అంటే నువ్వనుకున్నట్టు బొమ్మ కాదు. అల్యూమినియం రేకులు కొలతకి కత్తిరించి, చిల్లులు పొడిచి, చెక్కపెట్టెల్లో పంపిస్తారు. ముందు తోక వస్తుంది, తర్వాత రెక్కలు, తర్వాత ఒళ్ళు, చివర్న ఇంజను. ఆ రేకుల్ని మనం రివెట్లు కొట్టి కలపాలి. ఒకరు రివెట్ గన్ను పట్టుకుంటే, రేకుకి అవతలి వైపు ఇంకొకరు ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. ఇద్దరి పని. మీ వదిన పట్టుకుంటానంది. (ఇంకా అనలేదు. అంటుంది.)

నేను పని చేసినన్నాళ్ళూ లిఫ్టులు బాగుచేశాను. మా పనిలో పద్ధతి నీకు తెలియంది కాదు. తాడు కట్టినవాడు తన పని తనే పాసు చేసుకోకూడదు. ఇంకొకడు వచ్చి ప్రతి బోల్టూ చూసి, బాగుంటే దాని మీద ఎర్ర రంగుతో గీత గీయాలి. గీత పడ్డాక కట్టినవాడే ముందు లిఫ్టు ఎక్కాలి. ఆ తర్వాతే జనం. అలాంటి చోట బతికినవాణ్ణి. ఎవడు బిగించాడో, ఎలా బిగించాడో, పెళ్ళాంతో పోట్లాడి వచ్చి బిగించాడో తెలియని బోల్టుని నమ్ముకుని నేను ఆకాశంలోకి వెళ్ళను. నిన్ను అసలు తీసుకెళ్ళను.

గ్యారేజీ ఖాళీ చేశాను. కారు వీధిలో పెట్టాం. ఈమధ్య దాన్ని మీ వదినే నడుపుతోంది, సరదా పుట్టిందట. నేను పక్కన కూర్చుని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంటున్నాను.

ఇంకో సంగతి. ఎక్కేవాళ్ళ బరువు తెలిస్తే గానీ విమానం ఎటు మొగ్గుతుందో లెక్క కట్టలేం. నీ బరువెంతో రాసి పంపు. నిజం రాయి.

ఇంకా కోపంగానే,
అన్నయ్య


మార్చి 11

అన్నయ్యకి,

గాలి ఎక్కువైందని రేవులో పని ఆపేశారు. కొక్కెం పైకి లాగేసి క్రేను గదిలో కూర్చునే రాస్తున్నాను. కింద లారీలవాళ్ళు దిగిరమ్మని చేతులు ఊపుతున్నారు. నీ ఉత్తరం చదివిన వేడి మీద దిగితే ఎవర్నో ఒకర్ని కరిచేస్తాను. అందుకని దిగట్లేదు.

నీ లిఫ్టుల పురాణం నాకు కంఠతా వచ్చు. ఒక్క ముక్క అడుగుతాను, చెప్పు. నీ లిఫ్టులు ఎక్కినవాళ్ళు ఏనాడైనా "దీన్ని బిగించింది ఎవరండీ, పొద్దున్న ఇంట్లో పోట్లాడి వచ్చాడా" అని అడిగి ఎక్కారా? ఆఫీసుకి ఆలస్యమైనవాళ్ళు, పసిపిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు, అందరూ నిన్ను నమ్మే ఎక్కారు. నువ్వు మాత్రం లోకంలో ఎవర్నీ నమ్మవు. దీన్ని జాగ్రత్త అనరు అన్నయ్యా, పొగరు అంటారు.

నీ పని తీరు నాకు తెలియదా? ఒక మర బిగించి దాని మొహం చూస్తూ పూటంతా కూర్చుంటావు. తోకకి ఎన్నాళ్ళు, రెక్కలకి ఎన్నేళ్ళు? అది ఎగిరేనాటికి మనిద్దర్నీ ఎవరో ఎత్తి సీట్లలో కూలేయాలి. నాకు అంత ఓపిక లేదు. నీకు గుర్తుందో లేదో, చిన్నప్పుడు మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన రెండు బకెట్లు బోర్లించి కూర్చునేవాళ్ళం. పొలాల మీద మందు చల్లే విమానం వచ్చే వేళకి. ఎడమ బకెట్టు ఎప్పుడూ నీదే. నడిపేవాడు ఎడమవైపు కూర్చుంటాడని ఎక్కడో చదివావు. "నేను నడుపుతా, నువ్వు కదలకుండా పక్కన కూర్చో" అనేవాడివి. నేను కదలకుండా కూర్చునేదాన్ని, కాళ్ళు తిమ్మిరెక్కినా సరే. నువ్వు ఉద్యోగంలో ఉండగా ఫ్లయింగ్ క్లబ్బులో చేరి లైసెన్సు తెచ్చుకున్న రోజు నాకంటే ఎక్కువ సంబరపడ్డవాళ్ళు లేరు. ఇంకెన్నాళ్ళు కూర్చోమంటావు కదలకుండా?

ఇక్కడ మా ఊరి పళ్ళ డాక్టరు ఒకాయన సొంతంగా కట్టుకున్న విమానం అమ్మకానికి పెట్టాడు. నువ్వు చెప్పే రకమే. రెండు సీట్లు, అల్యూమినియం. చక్కగా ఎగురుతోంది. నిన్న వెళ్ళి చూసొచ్చాను. లోపల కూర్చున్నాను కూడా. నాకు నచ్చింది.

నా బరువు అరవై కిలోలు.

నీ ఒక్కగానొక్క చెల్లెలు
(ఇంకొకతె కూడా ఉంటే నీ బతుకు ఏమయ్యేదో)


మార్చి 17

చెల్లికి,

అరవై కిలోలట! మీ వదిన చదివి, నవ్వాపుకోలేక టీ ఒలకబోసింది. నువ్వు అరవై ఉన్నది స్కూల్లో. ఇది చీరల కొట్లో కొలత కాదమ్మా, విమానం. నీ అబద్ధం గాల్లో బయటపడుతుంది.

ఇక ఆ డాక్టరు సంగతి. నాతో ఒక్క మాట చెప్పకుండా వెళ్ళి చూసొచ్చావా? లోపల కూడా కూర్చున్నావా? పళ్ళు పీకేవాడు కట్టిన విమానం! చిగుళ్ళు చూసి చూసి ఉన్న కళ్ళతో రెక్క బోల్టులు చూశాడా? తడి తగిలిన చోట తెల్లగా పొడి కట్టిందా? తోక కింద రేకు నొక్కి చూశావా? ఇంజను నూనె మార్చిన డబ్బాల్లో ఇనుప రజను ఏమన్నా ఉందా అని అడిగావా? అడిగి ఉండవు. "నాకు నచ్చింది" అని రాశావు. ఏం నచ్చింది? రంగా?

పోనీ ఇంత హుషారు దేనికో చెప్పు. ఆయనకి పెళ్ళాం ఉందా? నువ్వు ఒంటరిదానివి, నేను దూరాన ఉన్నాను, అడిగేవాళ్ళు లేరు. అందుకని అడుగుతున్నాను. మనసులో ఏదన్నా ఉంటే నేరుగా చెప్పు, విమానం వంక పెట్టకు.

కట్టుకోవడమే. నా మాట మారదు. మళ్ళీ ఆ డాక్టరు ఊసు ఎత్తావంటే ఉత్తరాలు కూడా ఉండవు.

అన్నయ్య


ఏప్రిల్ 2

అన్నయ్యకి,

రెండు వారాలు జవాబు రాయలేదు. రాస్తే కాగితం కాలిపోయేది.

ఆయనకి పెళ్ళాం ఉంది. నాకంటే పెద్దది, నాకంటే లావు, నీకంటే నోరు పెద్దది. ఆయన కట్టాడు గానీ ఆయన ఎక్కడు, కుర్చీ ఎక్కితేనే కళ్ళు తిరుగుతాయట. ఇన్నాళ్ళూ దాన్ని నడిపింది ఆవిడే. ఇప్పుడు మోకాలు అరిగి పెడల్ తొక్కలేకపోతోంది, అందుకని అమ్ముతున్నారు. ఇదీ నా మనసులో ఉన్న సంగతి. నీ మనసులో ఉన్న సంగతికి నువ్వే సిగ్గుపడు.

ఆవిడ నన్ను ఎక్కించుకుని తీసుకెళ్ళింది. అవును, వెళ్ళాను. నిన్ను అడగలేదు. అడిగితే తోక కింద రేకు నొక్కమంటావు. అన్నయ్యా, నేను రోజూ పొద్దున్నే నిచ్చెన ఎక్కి ఆ గాజుగదిలో కూర్చుంటాను. ఎత్తు నాకు కొత్త కాదు. కానీ క్రేను కదలదు. నేలని కొరికి పట్టుకున్నట్టు ఉంటుంది. ఇది వదిలేసింది. వదిలేసిన క్షణం నాకు తెలిసింది, కడుపులో. మా రేవు మీదుగా తిరిగాం. నా క్రేను అగ్గిపుల్లలా ఉంది. ఒకచోట గాలి పక్కనుంచి తోసింది. "ఇప్పుడు తోస్తుంది చూడండి" అని నేను ముందే అన్నాను. గోదాముల సందులోంచి వచ్చే గాలి నాకు తెలుసు కదా, రోజూ కొక్కెం ఊపేది అదే. ఆవిడ నా మొహం చూసి, "నడిపే కర్ర కాసేపు మీరే పట్టుకోండి" అంది. పట్టుకున్నాను. సూటిగా పోయింది.

కిందికి దిగాక నాకు నీ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఇంత హాయి చేతికి అందేంత దూరంలో ఉంటే నువ్వు గ్యారేజీలో రివెట్లు లెక్కపెడతానంటున్నావు! నా పక్కన ఉండాల్సింది నువ్వు, ఆవిడ కాదు.

ఈ నెలాఖరుదాకా మనకోసం ఆగుతామన్నారు. అవునో కాదో రాయి. పురాణం వద్దు.

చెల్లి


ఏప్రిల్ 9

కాదు.

కిట్టుకి ఎప్పుడో చెప్పేశాను. తోక వచ్చేసింది. మొదలుపెట్టేశాను కూడా. ఫోటో పెడుతున్నాను, చూసి కళ్ళు చల్లబరుచుకో. మీ వదిన తీసింది.

అన్నయ్య


ఏప్రిల్ 15

అన్నయ్యకి,

నువ్వు మనిషివేనా? ఇద్దరిదీ అనుకున్న విమానం. నిర్ణయం కూడా ఇద్దరిదీ అనుకున్నాను, పిచ్చిదాన్ని. నేను ఇక్కడ నువ్వు ఒప్పుకుంటావేమోనని రోజూ పోస్టు డబ్బా తెరిచి చూస్తుంటే, నువ్వు అక్కడ చెక్కపెట్టె మేకులు ఊడబీకుతున్నావు. ఇంకా నన్ను "నిజం రాయి" అన్నావు! అబద్ధం ఎవరిది?

ఫోటో చూశాను. కళ్ళు చల్లబడలేదు. నేను పెట్టె మీద పెట్టె పేర్చి బతికేదాన్ని, వంకర ఎక్కడున్నా నా కంటికి ముందు అదే కనపడుతుంది. తోక కుడివైపు రివెట్లు దారం పట్టి కుట్టినట్టున్నాయి. అది మా అన్నయ్య చెయ్యి. ఎడమవైపు చూడు. వరస పాములా పోయింది. గన్ను జారి రేకు మీద గోటి గుర్తుల్లా నొక్కులు పడ్డాయి. పక్కింటి పిల్లాడు కొట్టినా ఇంతకంటే బాగుంటుంది.

వదినతో ఫోన్లో మాట్లాడకూడదని అమ్మ రూల్లో లేదు, అందుకని మాట్లాడాను. కారు గేటు స్తంభానికి గుద్దేశావట. అందుకే తాళాలు ఆవిడ తీసుకుందట. సరదా పుట్టిందని రాశావు నాకు. గ్యారేజీ తలుపుకి మోచెయ్యి కొట్టుకుంటున్నావట, టీ గ్లాసు బల్ల అవతల పెడుతున్నావట. "ఎందుకొదినా" అంటే ఆవిడ నీళ్ళు నమిలింది, నన్నేం అడగకు అంది.

నాకు అర్థం కాదనుకున్నావా? మళ్ళీ మొదలుపెట్టావు. నువ్వు తాగుడు మానేసిన ఏడాది నీ పక్కన కూర్చున్నదాన్ని నేను. నీ చేతులు వణికితే పట్టుకున్నదాన్ని. ఆ చేతులతోనా నన్ను పైకి తీసుకెళ్తావు? గ్యారేజీ తలుపేసుకుని కూర్చోవడం దీనికేనన్నమాట. విమానం కట్టడం ఒట్టి సాకు.

విమానానికని నేనిచ్చిన నా వాటా డబ్బు నాకు పారెయ్. డాక్టరుగారిది నేను ఒక్కదాన్నే కొనుక్కుంటాను.

చెల్లి అని రాయాలని లేదు


ఏప్రిల్ 20

తాగలేదు.

చుక్క ముట్టలేదు. మానేసిన నాటి నుంచి ముట్టలేదు. ఎవరేమన్నా పడతాను, నువ్వు ఆ మాట అంటే పడను. నువ్వే పక్కన ఉన్నావు, నువ్వే చేతులు పట్టుకున్నావు, నువ్వే అంటావా? కాబట్టి విను. విని సంతోషించు.

ఎడమ కన్ను పోయింది.

నీటికాసుల జబ్బట. అంచుల నుంచి చీకటి లోపలికి జరుగుతుంది. నొప్పి ఉండదు, చెప్పాపెట్టకుండా వచ్చేస్తుంది. లైసెన్సు మళ్ళీ రాయించుకోవడానికి క్లబ్బు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన ఎదురుగా కూర్చుని, "పక్కన నా వేళ్ళు కదుపుతున్నాను, కనపడుతున్నాయా" అన్నాడు. "ఏ వేళ్ళు" అన్నాను. అంతే. కాగితాలు మూసేశాడు. కుడి కన్ను మందులతో నిలబడుతుంది, తలుపులూ స్తంభాలూ చూసుకుని నడుస్తూ హాయిగా బతకొచ్చు అన్నాడు. విమానం మాత్రం ఇక నడపకూడదు. గేటు స్తంభాన్ని గుద్దింది ఆ వారమే. మీ వదిన చేత ఒట్టు పెట్టించుకున్నాను నీకు చెప్పొద్దని. దాని మీద ఎగరకు.

ఎందుకు కడుతున్నానో ఇప్పుడు అర్థమైందా? కొంటే, వచ్చే ఆదివారమే నువ్వు సంచి భుజాన వేసుకుని దిగుతావు. "పద అన్నయ్యా" అంటావు. నేనేం చెప్పాలి? కట్టడమైతే ఏళ్ళు పడుతుంది. రెక్క అవలేదు, ఇంజను రాలేదు అని చెప్పుకుంటూ పోవచ్చు. ఆ ఏళ్ళన్నీ నేను నీకు విమానం నడిపే అన్నయ్యగానే ఉండేవాణ్ణి. అది కూడా ఉండనివ్వలేదు నువ్వు. ఫోటోలో రివెట్లు చూశావు. నీ కళ్ళు కాలా.

ఇక నన్ను వదిలెయ్.


ఏప్రిల్ 28

అన్నయ్యా,

ఉత్తరం చదివి ఏడ్చాను. తాగావన్నందుకు నా నాలుక కోసుకోవాలి. కోసుకున్నాననుకో. ఆ ఒక్క మాటకి నీ కాళ్ళు పట్టుకుంటాను. మిగతా ఏ మాటకీ పట్టుకోను.

ఎందుకంటే ఏడుపు అయ్యాక కోపం వచ్చింది, ఇదివరకటి కోపం దీని ముందు దేనికీ పనికిరాదు. ఇన్నాళ్ళూ ఒక్కడివే ఆ చీకటి మోసుకుని తిరిగావా? ఇంట్లో మనిషికి ఒట్టు పెట్టి నోరు కుట్టేశావా? నీకు కన్ను పోతే నాకు అన్నయ్య పోతాడనుకున్నావా? నేను నిన్ను ప్రేమించింది నువ్వు బకెట్టు నడిపినందుకా?

ఇంకోటి కూడా అడుగుతున్నాను. మన ఇంట్లో కళ్ళున్నది నీ ఒక్కడికేనా? క్రేను నడిపేవాళ్ళకి ఏటేటా కళ్ళు పరీక్ష చేస్తారు. నావి గద్ద కళ్ళని రాసిస్తారు. నువ్వు నడపలేవు. సరే. నడిపేది నువ్వే అని ఎవరు రాసిపెట్టారు? నువ్వే రాసుకున్నావు, నీళ్ళ ట్యాంకు పక్కన. ఇన్నేళ్ళు నాకూ తోచలేదు చూడు, అదీ నా మంట. ఆవిడ కర్ర చేతికిచ్చినప్పుడు కూడా "అన్నయ్య ఉంటే ఎంత బాగా నడిపేవాడో" అనుకున్నానే గానీ, నడుపుతున్నది నేనే అని తట్టలేదు.

ఇక్కడి ఫ్లయింగ్ క్లబ్బులో చేరిపోయాను. నిన్ను అడగలేదు, నువ్వు కిట్టుకి నన్ను అడిగావు కనకనా!

నువ్వు కట్టు. నేను నడుపుతాను.

చెల్లి


మే 5

చెల్లికి,

మతి ఉండే రాశావా? నా కన్ను గురించి చెప్పింది నీకు ఇలాంటి తిక్క పుట్టడానికి కాదు.

ముందు అది నడపడం సంగతి వదిలెయ్. నేర్చుకుంటావు, నాకు తెలుసు. గాలి ఎటు తోస్తుందో ముందే చెప్పావు అని రాసినప్పుడే తెలుసు, అది నాకు క్లబ్బులో చేరిన రెండో ఏడు గానీ రాలేదు. అసూయ పడ్డాను కూడా, రాసేస్తున్నాను. కానీ ఏ విమానం నడుపుతావు? ఒంటి కన్నువాడు కొట్టిన రివెట్ల మీద ఎగురుతావా? పాములా పోయిందని రాసింది నువ్వే. గాల్లో ఆ తోక రేకు లేచిందంటే ఏమవుతుందో నీకు తెలియదు, నాకు తెలుసు, తెలిసి పడుకుంటే కళ్ళ ముందు అదే. పోయిన కన్నుకి కూడా అదే కనపడుతోంది. నా చేతులతో నేను నిన్ను చంపుకోలేను.

తోకని తుక్కువాడికి వేసేస్తున్నాను. బేరం కూడా అయింది. నువ్వు ఆ పళ్ళ డాక్టరు విమానం కొనుక్కో. వెంటనే కొనుక్కో. ఆయన బోల్టులు బాగానే బిగించి ఉంటాడు. పళ్ళు పీకేవాళ్ళకి చెయ్యి స్థిరంగా ఉంటుంది. నీకు దణ్ణం పెడతాను, రెడీగా ఉన్నది కొను.

అన్నయ్య


మే 12

అన్నయ్యకి,

ఆహా! రెండు నెలలు నా ప్రాణం తీసి, ఇప్పుడు కొనమంటావా? కొనను. కొనడానికి లేదు కూడా. నెలాఖరు దాటింది, నువ్వు "కాదు" అన్నావు, దాన్ని మా క్లబ్బువాళ్ళు కొనేశారు. నేను నేర్చుకుంటున్నది దాని మీదే. నేర్పుతున్నది ఆవిడే, మోకాలికి పట్టీ వేసుకుని వస్తుంది. డాక్టరుగారి బోల్టులు బాగున్నాయి, నీ సర్టిఫికెట్టు అక్కర్లేదు.

తోక జోలికి వెళ్ళావంటే ఊరుకోను. తుక్కువాడితో నేను ఫోన్లో మాట్లాడాను. వాడి నంబరు వదినే ఇచ్చింది. వాడు ఇక రాడు. నేను ఏమన్నానో అడక్కు.

మా పనిలో పద్ధతి అని మార్చిలో పెద్ద పాఠం రాశావు. అదే కాగితం నీ మొహాన పెడుతున్నాను, చదువుకో. కట్టినవాడు తన పని తను పాసు చేసుకోకూడదు, ఇంకొకరు చూసి ఎర్ర గీత గీయాలి. ఆ పద్ధతి ఎవరి కోసం పెట్టారు? కళ్ళు లేనివాళ్ళ కోసమా? రెండు కళ్ళూ భేషుగ్గా ఉన్నవాళ్ళ కోసమే కదా! ఎంత కన్నున్నవాడికైనా తన తప్పు తనకి కనపడదనే కదా! మరి నీకొచ్చిన కొత్త నష్టం ఏమిటి? నువ్వు ఒంటి కన్నుతో కొట్టు, నేను రెండు కళ్ళతో చూస్తాను. బాగోలేనిది పీకేస్తాను. మళ్ళీ కొట్టు. మళ్ళీ చూస్తాను. నా గీత పడని రివెట్టు ఒక్కటి కూడా ఆ విమానంలో ఉండదు. ఎగిరేది నేను కాబట్టి మొహమాటానికి గీసేదాన్ని కాను.

ఇనుప దిమ్మ పట్టుకునే పని నుంచి వదినకి సెలవిచ్చెయ్. పాపం చెవుల్లో దూది పెట్టుకుని ఎంతకాలం నిలబడుతుంది? సెలవు పెట్టి వస్తున్నాను. రావద్దని రాయకు, రాసినా నేను బయల్దేరాక చేరుతుంది.

ఏళ్ళు పడితే పట్టనీ. నాకు ఓపిక లేదన్నాను, అది పక్కన కూర్చోవడానికి. కట్టడానికి ఉంది.

చెల్లి


ఆగస్టు 3

చెల్లికి,

ఫోను ముందు నువ్వు పెట్టేశావు. రూలు ప్రకారం నువ్వు రాయాలి. నీ సిగ్గులేనితనం తెలుసు కాబట్టి నేనే రాస్తున్నాను, ఇది లెక్కలో వేసుకుంటాను.

నువ్వు వచ్చి వెళ్ళాక గ్యారేజీ చూస్తే యుద్ధం జరిగినట్టుంది. తోక ఎడమవైపు రివెట్లన్నీ పీకేశావు. సరే, ఒప్పుకుంటాను, అవి పీకాల్సినవే. కుడివైపు కూడా కొన్ని పీకావు చూడు, అది ఒట్టి కక్ష. పైనుంచి నాలుగోది బంగారం లాంటి రివెట్టు. "వంకర" అన్నావు. నేను కాదన్నాను. గాజుబిళ్ళ పెట్టి చూపించావు. అయినా కాదంటాను. దాన్ని డబ్బాలో దాచాను, నీ మొహాన కొట్టడానికి.

మీ వదిన మాత్రం ఆ తోక ముందు నిలబడి చూస్తూ ఉంటుంది. మళ్ళీ కొట్టిన వరసంతా నీ ఎర్ర గీతలే. "ఇది అన్నాచెల్లెళ్ళ పనిలా లేదు, మాస్టారు దిద్దిన పరీక్ష కాగితంలా ఉంది" అంటుంది. దానికి అన్నీ హాస్యమే. ఒట్టు పెట్టించినందుకు నాతో ఇంకా సరిగా మాట్లాడటం లేదు. నీతో మాత్రం గంటలు గంటలు.

ఫోను పెట్టేసిన సంగతికి వస్తాను. మొదటిసారి ఎగరేసేటప్పుడు నడిపే మనిషి ఒక్కరే ఉండాలి, పక్క సీట్లో ఎవరూ ఉండకూడదు, అది విమానాల రూలు అన్నావు. కట్టినవాడే ముందు ఎక్కాలి, అది లిఫ్టుల రూలు అన్నాను. "ఇది లిఫ్టా?" అని అరిచి పెట్టేశావు. ఇది లిఫ్టు కాదని నాకు తెలుసు. లిఫ్టు తాడు తెగితే పట్టుకునే దవడలు ఉంటాయి, దీనికి లేవు. నువ్వు ఒక్కదానివే పైకి వెళ్తావు, నేను కింద నిలబడి చూస్తాను, ఒంటి కన్నుతో. ఆ మాట తలుచుకుంటేనే నాకు పిచ్చి కోపం వస్తోంది. ఎవరి మీదో తెలియదు. నీ మీద అనే అనుకుంటాను, అలవాటు కాబట్టి. ఒప్పుకుంటున్నాను. రెండోసారి మాత్రం నాది. మీ వదినది కూడా కాదు, నాది.

రెక్కల పెట్టెలు దిగాయి, ఒళ్ళు పెట్టె వచ్చే నెల చేరుతుందట. ఈలోపు కాళ్ళతో తొక్కే పెడళ్ళు ఎక్కడ పెట్టాలో గీసుకోవాలి. వాటికి చిల్లు ఒక్కసారే పొడుస్తాం, పొడిచాక ఇటు అటు జరపడానికి ఉండదు. కిట్టు పుస్తకంలో ఎడమవైపు మగవాడి కాలి కొలత వేసి ఇచ్చారు. మార్చిలోనే నా కొలతతో గీసి పెట్టుకున్నాను. నిన్న చెరిపేశాను.

నీ కాలి కొలత పంపు, తుంటి నుంచి మడమ దాకా. గోడకి ఆనుకుని కూర్చుని ఇంకొకరి చేత కొలిపించు, నువ్వు కొలుచుకుంటే అబద్ధం చెప్తావు. బరువు కూడా మళ్ళీ పంపు. ఇంట్లో తూకం నమ్మను. నీ క్రేను కొక్కేనికి వేలాడి, పైన మీటరు ఎంత చూపిస్తుందో అది రాయించి పంపు.

నేను కుడి సీట్లో కూర్చుంటాను. కదలకుండా. ఎడమవైపు నాకెలాగూ కనపడదు, అటు నువ్వుంటావు.

అన్నయ్య